మూడుకాళ్ళ కుక్కకు ఊతపట్టీ

ఎద్దుకు కాలు విరిగితే ఊరంతా వచ్చి చూస్తుంది, తలా ఒక మందు చెబుతుంది. కుక్కకు కాలు పోతే ఎవరూ రారు. "కుక్కే గదా, ఎక్కడైనా వదిలిపెట్టి రా" అని ఒకరంటారు. "ఇంక అది దేనికి పనికొస్తుంది" అని మరొకరంటారు. నిన్నటిదాకా మంద వెంట తిరిగి, దొడ్డి కాసి, రాత్రి చీమ చిటుక్కుమంటే లేచిన కుక్క ఒక్క రోజులో ఇంటికి బరువైపోతుంది. కాని సంగతి చూస్తే అది అంత బరువేమీ కాదు. తక్కిన మూడు కాళ్ళూ గట్టిగా ఉన్న కుక్క చాలా మట్టుకు తన బరువు తానే మోసుకుంటుంది. అది తడబడే నాలుగు చోట్ల మనం చెయ్యి అందిస్తే చాలు. ఆ చెయ్యి అందించడానికి వీలుగా కుక్క ఒంటికి కట్టే సాధనాన్ని ఊతపట్టీ అందాం. పట్నం దుకాణాల్లో హార్నెస్ అని అడిగితే ఇస్తారు. ఇంట్లో పాత నవారు ఉంటే కుట్టించుకోవచ్చు కూడాను.

పొలాల్లో కుక్కలకు కాళ్ళు పోయే దారులు మీకు తెలియనివి కావు. గడ్డి కోసే యంత్రానికీ, వరి కోసే యంత్రానికీ అడ్డంపడి కత్తుల్లో చిక్కుకోవడం ఒకటి. రోడ్డుమీద లారీ చక్రం ఒకటి. మూడోది అడవిపందులకోసం గట్ల వెంబడి పెట్టే తీగ ఉచ్చు. ఇది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేటకిందికే వస్తుందన్న మాట అలా ఉంచండి. పందికోసం పెట్టిన ఉచ్చులో ముందుగా పడేది తరచుగా మన కుక్కే. తీగ బిగిస్తే దానికింద రక్తం ఆడదు. పాదం చల్లబడుతుంది, ఉబ్బుతుంది, నల్లబడి వాసన వేస్తుంది. తీగ తెంపుకొని కుంటుతూ ఇంటికి చేరిన కుక్కను చూసి "వాపు, అదే తగ్గుతుందిలే" అని రెండు రోజులు ఊరుకుంటే కాలు దక్కదు. వాచిన కాలిమీద వెంట్రుకలు పక్కకు తీసి వేలితో చుట్టూ తడిమి చూడండి. చర్మంలోకి దిగబడిన తీగ పైకి కనపడదు. దొరికితే లాగవద్దు, కత్తెర్లతో తెంపి వెంటనే డాక్టరుకు చూపించండి.

నొప్పితో ఉన్న కుక్క యజమానినైనా కరుస్తుంది. అది విశ్వాసం తప్పడం కాదు, నొప్పి అట్లాంటిది. పట్టుకునే ముందు మెత్తని గుడ్డపీలికతో మూతి చుట్టూ ఒక ముడి వేసి, గడ్డంకింద తిప్పి, చెవుల వెనక కట్టండి. వాంతి చేసుకుంటున్నా, ఎగశ్వాస పోస్తున్నా మూతి కట్టవద్దు, ఊపిరాడక చస్తుంది. ఒకవేళ పన్ను దిగితే గాయాన్ని ధారగా పడే నీళ్ళకింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆస్పత్రికి పోయి పిచ్చికుక్క కాటు టీకాలు మొదలుపెట్టండి. మన కుక్కే గదా అని ఆగవద్దు. కుక్కకు ఏటేటా ఆ టీకా వేయించి ఉంచడం ఇంకా మేలు. ఊతపట్టీ కట్టేటప్పుడు మన ముఖం రోజూ దాని మూతి పక్కనే ఉంటుంది మరి.

కాలు తీయాలా, ఉంచాలా అనేది పశువైద్యుడు తేల్చవలసిన సంగతి. 1962 నెంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం సాయం దొరుకుతుంది. కాలు తీసే శస్త్రచికిత్స మాత్రం వసతులున్న ఆస్పత్రిలో జరగాలి. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల వంటి చోట్ల ఆ వసతి ఉంటుంది. అక్కడ రైతులు తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది: "చెడింది పాదమే గదండీ, మోకాలిదాకా ఎందుకుంచరు? మొత్తం ఎందుకు తీస్తారు?" కారణం ఉన్నది. సగం మిగిల్చిన మొండిని కుక్క నేలకు ఆనించబోతుంది. అది అందదు. అందినంత మేర రాళ్ళకు కొట్టుకుంటుంది, తోలు లేస్తుంది, పుండుపడుతుంది, ఈగ వాలుతుంది. అందుకని సాధారణంగా వెనకకాలయితే తొడ పైభాగానో తుంటి కీలు దగ్గరనో, ముందుకాలయితే చాలాసార్లు భుజం రెక్క ఎముకతో సహా తీసేస్తారు. చూడటానికి కఠినంగా కనిపిస్తుంది గాని కుక్కకు అదే సుఖం. మన ఊతపట్టీకి కూడా అదే అనువు, రాసుకునే మొండి ఉండదు.

ఇప్పుడు బరువు లెక్క కాస్త చూద్దాం. పట్టీ ఎక్కడ కట్టాలో, ఎంత ఎత్తాలో ఈ లెక్కే చెబుతుంది. 20 కిలోల నాటుకుక్కను తీసుకోండి. తల, మెడ, రొమ్ము ముందున్నాయి గనుక బరువులో 100కి సుమారు 60 పాళ్ళు ముందుకాళ్ళమీద, 40 పాళ్ళు వెనకకాళ్ళమీద పడుతుంది. అంటే ముందుకాలు ఒక్కొక్కటి 6 కిలోలు, వెనకకాలు ఒక్కొక్కటి 4 కిలోలు మోస్తుంది. ముందుకాలు ఒకటి పోయిందనుకోండి. మిగిలిన ఒక్క ముందుకాలిమీదా మొత్తం బరువులో సగానికి దగ్గరగా, 9 కిలోల పైచిలుకు పడుతుంది. తక్కినది వెనకకాళ్ళు సర్దుకుంటాయి. వెనకకాలు ఒకటి పోతే నాలుగింట మూడు వంతులకు దగ్గరగా, అంటే 15 కిలోల వరకు ముందుకాళ్ళమీదికి పోతుంది. మిగిలిన వెనకకాలు సుమారు 5 కిలోలే మోస్తుంది.

కాబట్టి రెండూ ఒకటి కావు. వెనకకాలు పోయిన కుక్క తొందరగా తేరుకుంటుంది. లేచేటప్పుడు, మెట్టెక్కేటప్పుడు, దొడ్డికి కూర్చునేటప్పుడే దానికి ఇబ్బంది. ముందుకాలు పోయిన కుక్కకు పరుగు ఆపడం కష్టం, పల్లం దిగడం కష్టం. ఒక్క కాలు పట్టుతప్పితే గడ్డం నేలకు తగులుతుంది. మిగిలిన ఆ ఒక్క కాలిని అది పక్కకు కాకుండా రొమ్ము నడిమికి తెచ్చి వేస్తుంది. బండి నొగ కింద ఒకే కర్ర పోటు పెట్టినట్టు. ఆ కాలు కాపాడుకోవడమే మన పనిలో ముఖ్యమైన భాగం.

మరో చిత్రం కూడా గమనించండి. మూడుకాళ్ళ కుక్కకు తాపీగా నడవడంకంటే గంతులు వేస్తూ పోవడం తేలిక. తాపీ నడకలో ప్రతి అడుగుకూ బరువు తూచుకోవాలి. గంతులో ఊపు సాయపడుతుంది. అందుకని "పాపం, నెమ్మదిగా నడిపిద్దాం" అని పట్టీ పట్టుకొని అడుగులో అడుగు వేయించకండి. అదే దానికి శిక్ష. దాని ఊపు దానికి వదిలి, మీరే కాస్త చురుకుగా నడవండి. అలాగే ఒకచోట ఎక్కువసేపు నిలబెట్టడం కూడా దానికి అలుపే. పడుకుంటే పడుకోనివ్వండి.

కాలు తీసిన కొత్తలో ఏ పట్టీలూ వద్దు. కుట్లు సాధారణంగా 10 నుంచి 14 రోజుల్లో తీస్తారు. అందాకా కుట్లమీద ఏ పట్టీ అంచూ తగలకూడదు. ఈ రోజుల్లో ఒక పాత తువ్వాలుగాని, నాలుగు మడతలు పెట్టిన కండువాగాని చాలు. దానిని పొట్టకిందనుంచి దూర్చి, రెండు కొసలూ వీపుమీద కలిపి పట్టుకొని, లేవడానికీ, బయటికి పోవడానికీ సాయం చేయండి. పని అయిపోగానే తీసెయ్యండి. ఎక్కువ కుక్కలు రెండు మూడు రోజుల్లోనే లేచి నిలబడే ప్రయత్నం చేస్తాయి. కొన్ని వారాల్లో కొత్త నడక ఒంటబడుతుంది. కుట్లను నాకకుండా మెడకు గరాటులాంటి అడ్డు పెట్టిస్తారు. దానిని జాలిపడి తీసెయ్యకండి. ఒక్క రాత్రిలో కుట్లన్నీ లాగి పారేస్తుంది.

కుట్లు తీసి, చర్మం గట్టిపడ్డ తరువాత ఊతపట్టీ సంగతి. నూలు నవారు మంచిది, మంచానికి అల్లే వెడల్పాటిది. మూడు వేళ్ళ వెడల్పుకు తగ్గవద్దు. ప్లాస్టిక్ నవారు, నైలాను తాడు, సైకిలు ట్యూబు పనికిరావు. తాడు కోస్తుంది, రబ్బరు వెంట్రుకలను పీకుతుంది, ప్లాస్టిక్ ఎండకు కాలుతుంది. గోనెపట్టా కూడా ఒంటికి తగిలేవైపు వద్దు, రంపంలా గీస్తుంది. నవారుకింద పాత బొంతముక్కగాని, ఉతికి మెత్తబడిన నూలుచీర ముక్కగాని నాలుగు పొరలు పెట్టి కుట్టించండి. చెప్పులు కుట్టే అతని దగ్గర రెండు బకిలులు, బలమైన దారం దొరుకుతాయి. ఊళ్ళో దర్జీకయినా ఇది గంట పనే. కొలతలు పురికొసతో తీసుకోండి. ముందుకాలి చంక వెనకగా ఛాతీ చుట్టుకొలత ఒకటి. చివరి పక్కటెముక దగ్గర పొట్ట చుట్టుకొలత ఒకటి. ఆ రెంటి నడుమ వీపుమీద దూరం ఒకటి. మెడ మొదలునుంచి రొమ్ము ఎముక కొసదాకా ఒకటి.

ముందుకాలు పోయిన కుక్కకు కట్టేది ఇట్లా ఉండాలి. ఛాతీ చుట్టూ ఒక పట్టీ, పొట్ట ముందుభాగాన ఇంకో పట్టీ. ఈ రెండింటినీ వీపుమీద ఒక నవారుముక్కతో, రొమ్ముకింద ఇంకో నవారుముక్కతో కలపాలి. మెడకు రెండుపక్కలనుంచీ దిగి రొమ్ము ఎముక దగ్గర కలిసే ఒక పట్టీ ముందుండాలి. అది గొంతుమీదికి రాకూడదు. కుక్కను ముందుకు లాగినా రొమ్ముమీదే ఒత్తాలి. దుకాణంలో కొన్న హార్నెస్ చాలావరకు ఒకే పట్టీతో ఉంటుంది. నాలుగు కాళ్ళ కుక్కకు అది సరే. మూడుకాళ్ళ దానికి కాలు లేనివైపు పట్టీని ఆపేది ఏమీ లేదు గనుక అటువైపుకు జారిపోతుంది, పిడి వీపుమీదనుంచి పక్కలోకి దిగిపోతుంది. అది చూసి "ఈ కుక్కకు పట్టీ కుదరదు" అని మూలపడేస్తారు. రెండో పట్టీ ఉండవలసిందల్లా ఇందుకే. కాలు లేనివైపు కాలు దూర్చే సందు కూడా ఉంచకుండా మెత్త పెట్టి మూసి కుట్టించండి. కొనేవాళ్ళు కూడా పొట్టకింద రెండు పట్టీలు, వీపుమీద గట్టి పిడి, బిగువు మార్చుకునే బకిలులు ఉన్నదే అడగండి.

వెనకకాలు పోయిన కుక్కకు ముందుభాగం ఇదే కట్టినా వాడకం తక్కువ. దానికి కావలసింది తొడల ముందు, గజ్జల దగ్గర పొట్టకింద వేసే వెడల్పాటి జోలె. తువ్వాలును ఆ రూపానికే కుట్టించినట్టు అనుకోండి. అటూ ఇటూ రెండు కొసలకు ఉచ్చులు, వాటిని కలిపి పట్టుకునే పిడి. మిగిలిన కాలు దూరడానికి ఒక సందు ఉంచితే వెనక్కు జారదు. ఇక్కడ మగకుక్క విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి, చాలామంది మరచిపోతారు. జోలె మూత్రం పోసే అంగంమీద ఒత్తితే కుక్క పాపం మూత్రం బిగపట్టుకుంటుంది, లేదా గుడ్డలోనే పోసుకుంటుంది. తడిగుడ్డ ఒంటికి అంటుకొని రెండు రోజుల్లో ఒరుసుకుపోతుంది. అంత మేర జోలెకు గంటు కోసి అంచు కుట్టించండి. పాలిచ్చే ఆడకుక్కకయితే పొదుగు నలగకుండా చూసుకోవాలి.

బిగువు ఎంత ఉండాలంటారా? పట్టీకింద రెండు వేళ్ళు బల్లపరుపుగా దూరాలి. మూడో వేలు దూరిందంటే వదులు, ఒక్క వేలే దూరిందంటే బిగువు. కట్టిన తరువాత పది అడుగులు నడిపించి మళ్ళీ చూడండి. నిలబడ్డప్పటి బిగువు వేరు, నడకలో బిగువు వేరు. ముడులు, బకిలులు చంకలోకీ, పొట్టకిందికీ రాకూడదు. పడుకున్నప్పుడు ఒత్తుకుపోతాయి. పక్కటెముకల మీద, కంటికి కనపడేచోట ఉంచండి.

ఇంక పట్టుకోవడం. అసలు విద్య ఇక్కడే ఉన్నది. అరటి గెల వేసినప్పుడు చెట్టుకు పోటు పెడతాం గదా, ఆ పోటు చెట్టును భూమినుంచి పైకెత్తుతుందా? ఎత్తదు. ఒరిగేవైపు కాచుకొని ఉంటుంది, అంతే. చెట్టు బరువు చెట్టు వేళ్ళమీదే ఉంటుంది. మీ చెయ్యి కూడా అట్లా ఉండాలి. కాలు లేనివైపున నిలబడండి, కుక్క ఒరిగితే అటే ఒరుగుతుంది. పిడి పట్టుకొని, వీపు సమంగా ఉండేంతవరకే పైకి లాగండి. మీరు లాగుతుంటే వీపు విల్లులా వంగి లేస్తున్నదంటే ఎక్కువ ఎత్తుతున్నారన్నమాట. అరికాలి మెత్తలు నేలకు ఆని, గోళ్ళు మట్టిలో గుర్తు పెడుతున్నాయా చూడండి. పాదాలు నేలను రాసుకుంటూ పోతున్నాయంటే కుక్క వేలాడుతున్నది, నడవడం లేదు. అట్లా నాలుగు వారాలు వేలాడదీస్తే మిగిలిన కాళ్ళల్లో కండ కరిగిపోతుంది. మంచి చేయబోయి చెడుపు చేసినట్టవుతుంది.

పిడి ఉన్నది గదా అని కుక్కను సామాను సంచిలా మొత్తంగా ఎత్తి ట్రాక్టరు ట్రాలీలో పెట్టకండి. బరువంతా పొట్టమీదా, పక్కటెముకల మీదా పడుతుంది. ఒక చేత్తో పిడి పట్టుకొని, రెండో చెయ్యి రొమ్ముకింద గాని, తుంటికింద గాని వేసి ఎత్తాలి. దించేటప్పుడు మరింత జాగ్రత్త. ముందుకాలు పోయిన కుక్కను ట్రాలీమీదనుంచి దూకనిచ్చారో, ఆ 9 కిలోల లెక్క అప్పుడు ఎన్ని రెట్లవుతుందో ఆలోచించండి. ఆ ఒక్క కాలు బెణికితే కుక్కకు నడకే ఉండదు.

ఊతపట్టీ ఏయే చోట్ల కావాలి? ఎత్తు గట్టు ఎక్కేచోట, కాలవ దాటేచోట, మెట్ల దగ్గర, వానకు నానిన నల్లరేగడిలో. రేగడి మట్టి పాదానికి ముద్దలుగా అంటుకుంటుంది. నాలుగు కాళ్ళున్న దానికే అది సంకటం. ఇంట్లో మాత్రం అన్నిటికంటె చెడ్డది నున్నటి బండలు, పాలిష్ పలకల నేల. కొత్తిళ్ళు కట్టుకున్నవాళ్ళు ఇది గమనించరు. పొలంలో చలాకీగా తిరిగే కుక్క ఇంటి వసారాలో జారిపడుతుంది. అది నీళ్ళకు పోయే దారిన, పడుకునే చోట కొబ్బరిపీచు పట్టాలు పరచండి. ఉత్త గోనెసంచి పరిస్తే అదే జారుతుంది, దానికి అంచుల్లో బరువు పెట్టాలి. గోళ్ళు పెరగనివ్వకండి. నడిస్తే టకటక చప్పుడు వినిపిస్తే గోళ్ళు పెరిగాయని లెక్క. మెత్తల నడుమ వెంట్రుకలు కత్తిరించండి. ఈ చిన్న పనులు చేసిన ఇంట ఊతపట్టీ అవసరం సగం తగ్గుతుంది.

పని అయిన వెంటనే పట్టీ విప్పెయ్యాలి. ఇది ఎంత చెప్పినా తక్కువే. విప్పకపోతే వచ్చే ఇబ్బందులు మూడున్నాయి. కాడి రాసి ఎద్దు మెడ పుండుపడటం మీకు తెలుసు. కుక్క చంకలో తోలు అంతకంటె పలచన. రోజూ సాయంత్రం పట్టీ తగిలిన చోట్ల వెంట్రుకలు పక్కకు తీసి చూడండి. ఎర్రబడితే పుండు పడకముందే రెండు రోజులు పట్టీ మానండి. పుండుపడితే మన ప్రాంతపు ఎండల్లో ఈగ వాలి పురుగు పడటానికి ఎంతోసేపు పట్టదు. పట్టీకింద పిడుదులు కూడా దాక్కుంటాయి. పుండుమీద ఫినాయిలు, కిరసనాయిలు పొయ్యడం కొన్ని ఊళ్ళలో అలవాటు. ఆ అలవాటు వద్దు, అవి తోలును కాలుస్తాయి, కుక్క నాకితే విషమవుతాయి. ఇంక మూడో ఇబ్బంది అన్నిటికంటె పెద్దది. పట్టీతో విడిచిపెట్టిన కుక్క కంచె దూరబోతుంది. పిడి ముళ్ళతీగకో, సర్కారు తుమ్మ కొమ్మకో తగులుకుంటుంది. అక్కడ ఎవరూ లేకపోతే అది వేలాడి చస్తుంది. పిడి మన చేతిలో లేనప్పుడు పట్టీ కుక్క ఒంటిమీద ఉండకూడదు.

రెండు పట్టీలు కుట్టించి ఒకటి ఉతికి ఎండలో ఆరవేస్తూ ఇంకోటి వాడండి. అలవాటు చేయడం కష్టమేమీ కాదు. మొదట రెండు రోజులు పట్టీని అది పడుకునే చోట పెట్టి వాసన చూడనివ్వండి. తరువాత కూడు పెట్టే ముందు కట్టి, తింటున్నంతసేపు ఉంచి, తినగానే విప్పండి. పట్టీ అంటే సంగటి ముద్ద గుర్తుకొస్తే ఇంక మూతి చాచి నిలబడుతుంది. పిల్లలతో ఈ పని చేయించవద్దు. వాళ్ళు ఆటగా పిడి పట్టుకొని ఎత్తుతారు.

ఇంకో సంగతి, తిండి. కాలు పోయిందని జాలిపడి ఇంట్లో తలా ఒక ముద్ద పెడతారు. తిరుగుడు తగ్గింది, తిండి పెరిగింది, కుక్క బలుస్తుంది. నాలుగు కాళ్ళు మోయవలసిన కొవ్వును మూడు కాళ్ళే మోయాలి. పక్కటెముకల మీద చెయ్యి పెట్టి నిమిరితే ఎముకలు చేతికి తెలియాలి, కంటికి మరీ బయటపడకూడదు. తెలియకపోతే ముద్ద తగ్గించండి. ఇది నిష్ఠూరమే అయినా ఏ పట్టీకంటె ఎక్కువ మేలు చేస్తుంది. నొప్పి కనిపిస్తే మనుషులు వేసుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ బిళ్ళలు వెయ్యకండి. వాటివల్ల కుక్కలకు కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. గేదెకు రాసిచ్చిన ఇంజక్షను మిగిలిందని దీనికి పొడిపించడం కూడా అంతే. కుక్కకు మోతాదు వేరు, కొన్ని మందులు అసలు పడవు.

మరి ఇంత చేసి దానిచేత ఏం పని చేయించుకుంటాం అని అడిగేవారున్నారు. అడగవలసిందే, రైతు అన్నాక లెక్క చూసుకోవాలి. అడవిపందులను తరమడానికి దానిని పంపకండి. తప్పించుకోలేదు. రోజంతా మంద వెంట పదిమైళ్ళు తిప్పకండి. కాని గొర్రెపిల్లల దొడ్డి దగ్గర, కోళ్ళగూడు దగ్గర, కళ్ళంలో ధాన్యపు రాశి దగ్గర రాత్రి కాపలాకు అది మునుపటంత పనికీ వస్తుంది. ముక్కుకూ, చెవికీ ఏ లోపమూ రాలేదు, మొరగడానికి కాలు అక్కర్లేదు. అందుకు ఒప్పుకోనివారు కూడా ఒకటి తెలుసుకోవాలి. తిండీ నీళ్ళూ దొరకక బాధపడే స్థితిలో జంతువును కారణం లేకుండా వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టంకింద నేరం.

పల్లెల్లో తిరిగే పశుసంవర్ధక సహాయకులకు ఒక మాట. మూడు కాళ్ళమీద కుంటే కుక్క వేరు, మూడు కాళ్ళే ఉన్న కుక్క వేరు. కాలు ఎత్తిపట్టుకొని వచ్చిన కుక్కకు ముల్లు దిగిందో, ఎముక విరిగిందో, కీలు తప్పిందో చూడాలి. చికిత్స జరగవలసిన చోట ఊతపట్టీ కట్టి పంపితే మీరు దానికి నాలుగో కాలు లేకుండా చేసినట్టే. ఒక కాలు తీసిన కుక్కకు పట్టీ కుదిర్చేముందు తక్కిన మూడు కాళ్ళనూ ఒక్కొక్కటిగా మడిచి చాపి చూడండి. పాదం వెనక్కు మడతపడి నడుస్తున్నా, తొడకండ ఒకవైపు కరిగినా, వెన్నుమీద చెయ్యి వేస్తే మూలిగినా అది పట్టీతో తీరేది కాదు, డాక్టరుకు పంపండి. రెండో కాలు కూడా శాశ్వతంగా పోయి, లేవలేక, కింద పుండ్లుపడి, కూడు ముట్టకుండా ఉన్న కుక్కను ఊతపట్టీతో నెలలు ఈడ్చడం దయ కాదు. అప్పుడు నొప్పి తెలియకుండా మందుతో నిద్రపుచ్చే మార్గం పశువైద్యుడి చేతిలో ఉన్నది. ఆ మాట రైతుకు సూటిగా, మెల్లగా చెప్పగలగాలి. కర్రతో కొట్టి చంపనివ్వకండి.

మామూలుగా అయితే ఒకటి రెండు నెలలకు కుక్క పట్టీ లేకుండానే గట్లు దాటుతుంది. అప్పుడు దానిని ఉతికి ఆరబెట్టి, ఎలుకలు కొరకనిచోట కొక్కేనికి తగిలించండి, పారెయ్యకండి. ఏళ్ళు గడిచి కుక్క ముసలిదయ్యాక, మోసి మోసి అలసిన కీళ్ళు పట్టేస్తాయి. చలికాలం పొద్దున్నే లేవలేక రెండుసార్లు పైకి లేచి మళ్ళీ కూలబడుతుంటే పట్టీ దించండి. కట్టేముందు ఒకసారి కుట్లు లాగి చూసుకోండి, పాతబడిన దారం పిడి దగ్గరే ముందు తెగుతుంది.